బిడ్డల పద్దు

నెల జీతము చేతికి వచ్చిన నాడు ఇల్లాలు చేయు మొదటి పని యేమి? బియ్యమున కింత, పాల కింత, అద్దె కింత, పిల్లల బడి కింత అని వంతులు వేసికొనును. వ్రాసికొనువారు వ్రాసికొందురు, వ్రాయనివారు మనసులోనే ముడివేసికొందురు. చుట్టములు వచ్చినను, పండుగ వచ్చినను ఆమె తన చీర మానుకొనునే గాని పసివాని పాలు మానిపింపదు. ఏ ఖర్చు ముందు, ఏ ఖర్చు వెనుక అను నిర్ణయములోనే ఆ సంసారపు గుణము తెలియును. ఎంత ఆదాయము కలదని గాక, ఉన్నదానిలో బిడ్డల కెంత దక్కినదని చూచియే పెద్దలు ఇల్లాలి నేర్పును కొలిచెడివారు.

రాష్ట్రమును ఒక పెద్ద సంసారమే. దాని జమాఖర్చుల చిట్టాకే బడ్జెటని పేరు. ప్రతి సంవత్సరము ఆ దినములలో వార్తాపత్రికల నిండ కోట్లు, లోట్లు, అప్పులు అను మాటలు కనబడును. చూడగానే మనలో పెక్కుమంది ఆ పుటను మగవారికి వదలి మరియొక పుటకు పోవుదురు. దీనిని నిందగా చెప్పుట లేదు. మేమును చాలకాల మట్లే చేసితిమి. కాని బడిలో మన బిడ్డ మధ్యాహ్నము తినబోవు గ్రుడ్డును, కూర్చుండబోవు బల్లయు, త్రాగబోవు నీరును ఆ పుటలోని అంకెలలోనే యున్నవని తెలిసిన తరువాత, దానిని చదువకుండుట మన పనిని మనమే విడిచిపెట్టుట యని తోచినది.

చదువుటకు గొప్ప శాస్త్రజ్ఞాన మక్కరలేదు. మన రాజ్యాంగములోని 202వ అధికరణము ప్రకారము ప్రతి రాష్ట్రప్రభుత్వమును ఏటేట తన ఆయవ్యయముల యంచనాను శాసనసభ యెదుట నుంచవలెను. ఏప్రిల్ 1వ తేది మొదలు మరుసటి యేడు మార్చి 31 వరకు ఒక ఆర్థిక సంవత్సరము. శాసనసభ ఆమోదించిన చట్టము లేక ఖజానానుండి సొమ్ము తీయరాదు. ఆ గ్రంథములలో ఒక్కొక్క పద్దునకు నాలుగు గళ్లుండును. గడచిన యేట నిజముగా ఖర్చయినది మొదటిది. నడచుచున్న యేటికి తొలుత అనుకొన్నది రెండవది. దానినే సవరించి చెప్పినది మూడవది. రాబోవు యేటికి అనుకొనుచున్నది నాల్గవది. పత్రికలలో పెద్ద అక్షరములతో వచ్చునది ఈ నాల్గవ గడియే. అది మాట యిచ్చుట మాత్రమే. మాట నిలుపుకొన్నారా లేదా అనునది రెండేండ్లు గడచిన పిమ్మట మొదటి గడిలో కనబడును. అప్పటికి దానిని చూచువారు అరుదు.

బిడ్డలకు వేరుగా పద్దెందుకని యొకరు మమ్మడిగిరి. పదునెనిమిదేండ్లు నిండనివారికి ఓటు లేదు. రైతులకు సంఘములు కలవు. ఉద్యోగులకు సంఘములు కలవు. వర్తకులకు సభలు కలవు. వారందరు బడ్జెటునకు ముందే మంత్రులను చూచి తమ కోరికలు చెప్పుకొందురు. రెండేండ్ల బిడ్డ యెవరితో చెప్పుకొనును? అందుచేత వారి వంతు ఎంతో విడదీసి చూపుట మంచిదని ఆలోచనాపరులు చెప్పగా, భారత ప్రభుత్వము 2008-09 బడ్జెటునుండి పిల్లల సంక్షేమమునకు కేటాయించిన మొత్తములను ప్రత్యేక పట్టికగా చూపుట ప్రారంభించినది. కొన్ని రాష్ట్రములును ఆ త్రోవ పట్టినవి.

ఆంధ్రప్రదేశములో ఈ పని 2021 మే 20వ తేదీన మొదటిసారి జరిగినది. కోవిడ్ రెండవ విజృంభణము నడుమ ఒక్కనాటి సమావేశములో ఆర్థికమంత్రి బుగ్గన రాజేంద్రనాథరెడ్డిగారు 2021-22 బడ్జెటును ప్రవేశపెట్టిరి. మొత్తము 2,29,779 కోట్ల రూపాయలు. అందులో పిల్లల కొరకు 16,748 కోట్లు, స్త్రీల కొరకు 47,283 కోట్లు అని వేరువేరుగా చూపిరి. పిల్లల వంతు రూపాయికి ఏడు పైసలకు కొంచెము మించియున్నది. ఇది వేరుగా తాళము వేసిన పెట్టె కాదు. విద్యాశాఖలో, స్త్రీశిశు సంక్షేమశాఖలో, మరి యితర శాఖలలో బిడ్డలకై యున్న పద్దులను ఏరి ఒకచోట చేర్చిన పట్టిక మాత్రమే. ఐనను ఒకచోట చేర్చుటయే మేలు. ఇంటిలో పిల్లల ఖర్చును పాలలెక్కలో కొంత, బట్టలలెక్కలో కొంత, మందులలెక్కలో కొంతగా వ్రాసినచో, వారికెంత పెట్టితిమో, ఎక్కడ తగ్గించితిమో మనకే తెలియదు గదా!

బడ్జెటులో ఒక్క పంక్తి కొట్టివేసినచో పసివారి కేమగునో తెలిపెడి పాతకథ యొకటి కలదు. 1920లో మదరాసు నగరసభకు సర్ పిట్టి త్యాగరాయసెట్టిగారు అధ్యక్షులుగా నుండిరి. వారిది చేనేతవారైన తెలుగు దేవాంగుల కుటుంబము. థౌజండ్ లైట్సులోని నగరసభ పాఠశాలలో బీదపిల్లలు ఆకలిచేత బడికి రాకపోవుట చూచి, వారికి ఫలహారము పెట్టవలెనని ఆ సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన సభలో తీర్మానము చేయించిరి. పిల్లవానికి దినమునకు ఒక అణాకు మించరాదని నిబంధన. పిల్లలు పెరిగిరి; మరి నాలుగు పాఠశాలలకు దానిని విస్తరించిరి. 1922-23లో ఆ యైదు బడులలో 811గా నున్న విద్యార్థుల సంఖ్య 1924-25 నాటికి 1,671 ఆయెను. ప్రాథమిక విద్యానిధినుండి ఆహారమునకు సొమ్ము వాడరాదని నాటి ఆంగ్ల ప్రభుత్వము ఆక్షేపింపగా 1925 ఏప్రిల్ 1న ఆ ఫలహార మాగిపోయెను. తేదీని గమనింపుడు. అది క్రొత్త ఆర్థిక సంవత్సరపు మొదటి దినము. ఏ క్షామము వలనను కాక, పద్దు చెల్లదనుటచేత పొయ్యి ఆరిపోయినది.

పిమ్మట ఆ నిప్పు మరల రాజుకొనుటకు చాలయేండ్లు పట్టినది. మదరాసు రాష్ట్రములో 1956లో కామరాజుగారు బడిపిల్లల మధ్యాహ్నభోజనమును విస్తారముగా నడిపించిరి, 1982లో ఎం. జి. రామచంద్రన్‌గారు దానిని మరింత పెంచిరి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు దేశములోని ప్రభుత్వ, ప్రభుత్వ సహాయము పొందు ప్రాథమిక పాఠశాలలన్నిటిలోను వండిన భోజనము పెట్టవలసినదే యని ఆజ్ఞాపించినది. తెలుగునాట 2003 జనవరి మొదలు బడులలో వేడియన్నము వడ్డించుచున్నారు. 2022 సెప్టెంబరులో తమిళనాడు ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఫలహారము కూడ ఆరంభించినది. త్యాగరాయసెట్టిగారి అణా ఫలహారమునుండి దీనివరకు నూరేండ్లకు పైబడిన ప్రయాణము.

ఇప్పుడు మన వంటింటి లెక్కకు వత్తము. 2025 మే 1 మొదలు ప్రాథమిక తరగతులలోని ఒక్కొక్క బిడ్డకు దినమునకు 6 రూపాయల 78 పైసలు, ఆరు మొదలు ఎనిమిది తరగతుల వారికి 10 రూపాయల 17 పైసలు వంటసామగ్రికై కేంద్రప్రభుత్వము నిర్ణయించినది. బియ్యము దీనిలో చేరదు. అది వేరుగా వచ్చును. పప్పు, కూరగాయలు, నూనె, పోపుదినుసులు, వంటచెరకు లేక గ్యాసు ఈ సొమ్ములోనుండియే రావలెను. చిన్నపిల్లవానికి 100 గ్రాముల బియ్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె యని కొలత. మేము ఇంటి త్రాసులో ఇరువది గ్రాముల కందిపప్పు తూచి చూచితిమి. అది పిడికిలిని నింపలేదు. నూరుగురు పిల్లలున్న బడికి రెండు కిలోల పప్పు, ఐదు కిలోల కూరగాయలు, అరకిలో నూనె కావలెను. చేతికి వచ్చునది 678 రూపాయలు. ఈ మాసపు ధరలతో మీరే లెక్క వేసి చూడుడు. పప్పు ధర పదిరూపాయలు పెరిగినప్పుడు సాంబారు ఎందుకు పలుచబడునో మరొకరు చెప్పనక్కరలేదు.

ఆంధ్రప్రదేశములో గ్రుడ్డును, చిక్కీయు రాష్ట్రము తన సొమ్ముతో చేర్చినవి. గోరుముద్ద యను పేరుతో నడిచిన కాలములో వారమున కైదు గ్రుడ్లు, మూడుదినములు పల్లీచిక్కీ, 2023 మార్చి మొదలు రాగిజావ యిచ్చిరి. 2024లో ప్రభుత్వము మారినది. ఆ భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. 1841లో పుట్టి 1909లో పరమపదించిన ఆ తల్లి, గోదావరీ తీరమున లంకల గన్నవరములో ఆకలితో వచ్చినవారి కెల్ల కులగోత్రము లడుగక అన్నము పెట్టి పేరుపొందినది. పేరు ఏదైనను కానిండు. అయిదేండ్ల కొకసారి పేరు మారును గాని పండ్రెండుగంటలకు వేయు ఆకలి మారదు. బడ్జెటు చదువు నపుడు పథకపు పేరును విడిచి, పళ్లెములో ఏమి పడుచున్నదని చూచుటయే ఇల్లాలికి తగినది.

భోజనము తరువాత తల్లుల చేతికి వచ్చు సొమ్ము. 2020 జనవరి 9న చిత్తూరులో అమ్మ ఒడి యను పథకము మొదలైనది. బడికి పిల్లలను పంపు బీదతల్లికి ఏటికి 15,000 రూపాయలు. రెండవయేట అందులో వెయ్యి రూపాయలను బడి మరుగుదొడ్ల నిర్వహణకని మినహాయించిరి; అటుపిమ్మట మరియొక వెయ్యి బడి నిర్వహణకు పోగా 13,000 చేతికి వచ్చినది. 2021-22 బడ్జెటులో ఈ పథకమునకు 6,107 కోట్లు చూపిరి. కాని రెండవ విడత 2021 జనవరి 11న పంచబడగా, మూడవ విడత 2022 జూను 27న గాని పంచబడలేదు. అనగా 2021 ఏప్రిల్ మొదలు 2022 మార్చి వరకు గల ఆ ఆర్థిక సంవత్సరములో పంపిణీయే జరుగలేదు. పిల్లల హాజరు నూటికి 75 ఉండవలెనను నిబంధనకు అనుగుణముగా బడి సంవత్సరము ముగిసిన పిమ్మట ఇచ్చుట మంచిదని ప్రభుత్వము చెప్పినది. ఆ కారణ మట్లుండ, జనవరిలో వచ్చునని నమ్మి అప్పు చేసి పిల్లల ఫీజు కట్టిన తల్లికి ఆ యైదునెలల వడ్డీ యెవరు కట్టిరి? నాల్గవ గడికిని చేతిలో పడు సొమ్మునకును గల యెడము ఇట్టిది.

2024 తరువాత ఈ పథకమే తల్లికి వందనము అను పేరుతో మార్పుచెందినది. వెనుకటి పథకము తల్లికి ఒకటే మొత్తము నిచ్చెడిది. క్రొత్తది ఎందరు పిల్లలుండిన అందరికిని ఇచ్చును. 2024-25లో ఏమియు పంచలేదు. 2025 జూను 12న 67 లక్షల 27 వేల విద్యార్థుల లెక్కన, ఒక్కొక్కరికి 13,000 చొప్పున 8,745 కోట్లు తల్లుల ఖాతాలలో వేయుటకు పూనుకొనిరి. కాగితము తీసికొని గుణించి చూడుడు, లెక్క సరిపోవును. ఇట్లు మనమే గుణించి చూడదగిన అంకెలను చదివినప్పుడు బడ్జెటన్న భయము పోవును.

చేతికి సొమ్మిచ్చుట మేలా, ఆ సొమ్మును బడికే పెట్టుట మేలా అను వాదము మన యిండ్లలోను జరుగుచున్నది. సొమ్ము తల్లి చేతిలో పడినచో ఆమె మాటకు ఇంటిలో విలువ పెరుగును. ఆడపిల్లను బడి మానిపింపవలెనని పెద్దలన్నపుడు ఆమెకు బదులు చెప్పు ధైర్యము కలుగును. ఇది కాదనరానిది. పంతులు లేని బడికి బిడ్డను పంపుటకు పదమూడువేలిచ్చిన ప్రయోజనమేమి యను రెండవపక్షపు మాటయు త్రోసివేయరానిది. 2019 నవంబరు 14న ఆరంభమైన నాడు-నేడు పనులలో మొదటి విడతగా 15,715 పాఠశాలలకు మరుగుదొడ్లు, నీళ్లు, బల్లలు, ప్రహరీగోడలు మొదలగునవి సమకూర్చ తలపెట్టిరి. నీళ్లున్న మరుగుదొడ్డి లేక ఎదిగిన ఆడపిల్లలు నెలకు నాలుగుదినములు బడి మానుట ఎరిగిన తల్లులకు ఆ పద్దు విలువ వేరుగా చెప్ప పనిలేదు. మా మట్టుకు మాకు ఈ మూడును ముక్కాలిపీట కాళ్లవలె తోచుచున్నవి: తల్లి చేతిలోని సొమ్ము, పళ్లెములోని అన్నము, బడిలోని గురువు. ఏ కాలు పొట్టిదైనను పీట నిలువదు.

2025 ఫిబ్రవరి 28న ఆర్థికమంత్రి పయ్యావుల కేశవుగారు ప్రవేశపెట్టిన 2025-26 బడ్జెటును ఈ కొలతతో చూతము. మొత్తము 3,22,359 కోట్లు. పాఠశాల విద్యకు 31,805 కోట్లు, అనగా రూపాయికి పది పైసలకు కొంచెము తక్కువ. తల్లికి వందనమునకు 9,407 కోట్లు, రూపాయికి మూడు పైసలకు లోపు. మధ్యాహ్న భోజనమునకు 3,486 కోట్లు, రూపాయికి ఒక పైస. ఈ అంకెలను ఒకదానితో నొకటి కూడరాదు. ఒక శాఖ పద్దులోని సొమ్మే పథకపు పేరుతో మరల చెప్పబడుచుండును. ఐనను పోల్చి చూచుటకు అడ్డులేదు. చేతికిచ్చునది, కంచములో పెట్టుదానికి రెండున్నర రెట్లకు మించియున్నదని తెలిసికొనుట మన హక్కు. అది తగునా తగదా యని తీర్పు చెప్పుటయు మన హక్కే.

ఇంతకంటెను మా మనసును కలతపెట్టునది బడికి ఇంకను రాని పసివారి సంగతి. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేండ్ల లోపు పిల్లలలో వయసునకు తగిన ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశములో నూటికి 31.2, తెలంగాణములో 33.1. అంతకు ముందు, అనగా 2015-16లో, ఆ సంఖ్యలు 31.4, 28.0గా నుండెను. రక్తహీనత గల పసివారు ఆంధ్రలో 58.6నుండి 63.2కును, తెలంగాణములో 60.7నుండి 70కిని పెరిగిరి. బిడ్డ కడుపున పడినది మొదలు రెండేండ్లు నిండువరకు గల వేయిదినములలో పోయిన పుష్టి తరువాత ఎన్ని గ్రుడ్లు పెట్టినను పూర్తిగా తిరిగిరాదని వైద్యులు చెప్పుదురు. బడిసొమ్ము ఆరేండ్లవాని చేతికందును. ఆరునెలల బిడ్డకు అందునది తల్లి తిండియు, అంగన్‌వాడీయు మాత్రమే.

1975 అక్టోబరు 2న దేశములో 33 బ్లాకులలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకమునుండి పుట్టినవి ఈ అంగన్‌వాడీలు. గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్ల లోపు బిడ్డలకు అన్నమును, గ్రుడ్లను, పాలను ఇచ్చుట, బిడ్డ బరువు తూచుట, టీకాలు వేయించుట, ఆటపాటలతో అక్షరములు నేర్పుట వాటి పని. అక్కడ పనిచేయువారందరు స్త్రీలే. ఆంధ్రప్రదేశములో కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 రూపాయల గౌరవవేతనము చాలదని వారు 2023 డిసెంబరు 12 మొదలు 2024 జనవరి 22 వరకు నలువదిరెండు దినములు సమ్మె చేసిరి. బడులలో వంటచేయు స్త్రీలకు 2019లో నెలకు వెయ్యిరూపాయలనుండి మూడువేలకు పెంచిరి. వందమందికి వండి వడ్డించి గిన్నెలు తోము స్త్రీకి దినమునకు నూరురూపాయలు! బిడ్డలకని వ్రాసిన పద్దులో ఆ బిడ్డలకు అన్నము పెట్టు చేతుల వంతు ఇంత చిన్నదైనచో, ఆ అన్నము రుచి యెట్లుండునో ఊహింపవచ్చును.

సోదరీమణులారా! ఇవి యన్నియు చదివి నిట్టూర్చుటకు కాదు. 2010 ఏప్రిల్ 1 మొదలు అమలులోనున్న విద్యాహక్కు చట్టము 21వ విభాగము ప్రకారము ప్రభుత్వ పాఠశాలల నిర్వహణ సంఘములో సభ్యులలో నాలుగింట మూడువంతులు తలిదండ్రులు లేక సంరక్షకులు ఉండవలెను. మొత్తము సభ్యులలో సగము స్త్రీలు కావలెను. బడి సొమ్ము ఎట్లు ఖర్చగుచున్నదో విచారించుట ఆ సంఘము విధులలో నొకటి. ఈ కుర్చీలలో పెక్కు పేరుకు మాత్రమే నిండియున్నవి. సంతకము పెట్టుమనిన చోట పెట్టి ఇంటికి వచ్చుట సభ్యత్వము కాదు. ఈ వారము గ్రుడ్లు ఎన్నిదినములు పెట్టిరి? బియ్యము తూచినప్పుడు ఎవరు చూచిరి? మరుగుదొడ్డిలో నీరు వచ్చుచున్నదా? ఈ మూడు ప్రశ్నలు చాలును. పాలవానిని, కూరగాయలవానిని నిత్యము అడుగుచున్న ప్రశ్నలే ఇవి. వీటి నడుగుటకు పట్టము లక్కరలేదు. అంగన్‌వాడీకి పోయి మన బిడ్డ బరువును వ్రాసిన కార్డు చూపుమనుట, గత మాసముతో పోల్చుట అంతకంటెను సులభము.

మన పిల్లలు ప్రైవేటు బడికి పోవుచున్నారు, మనకేల యనుకొనువారు కలరు. మన యింట అంట్లు తోమునామె బిడ్డ ఎక్కడ చదువుచున్నాడో ఒక్కసారి అడిగి చూడుడు. ఆ బడికి పోయిన సొమ్ములో, మనము కొను పెక్కు వస్తువుల మీద కట్టు పన్ను కొంత కలదు. మన సొమ్ము ఎక్కడికి పోయినదో అడుగుటకు అదియే అధికారపత్రము.

ఇంటి చిట్టా వ్రాసిన ఇల్లాలు నెల చివర కూర్చుండి, అనుకొన్నదెంత, అయినదెంత అని చూచుకొనును. పాలకని తీసిన సొమ్ము పాలకే పోయినదా యని విచారించును. రాష్ట్రపు చిట్టా విషయములో మనము మొదటి పని మాత్రము చూచి చప్పట్లు కొట్టుటకో, తిట్టుటకో అలవాటుపడితిమి. రెండవపని కూడ నేర్చుకొందము. రాబోవు బడ్జెటు నాడు పత్రిక మీ యింటికి వచ్చినప్పుడు, మగవారి చేతినుండి ఆ పుటను ఒక్క పావుగంట అడిగి తీసికొనుడు. బిడ్డల పద్దు ఎక్కడున్నదో వెదకి, ప్రక్కన పోయిన యేటి అంకెను వ్రాసికొనుడు. ఆ కాగితమును దాచియుంచి, మరుసటి యేడు మరల తీయుడు. 1925లో ఒక పంక్తి కొట్టివేయబడినప్పుడు ఆ పిల్లల తల్లులకు తెలియజెప్పువారు లేకపోయిరి. ఇప్పటి తల్లులకు అక్షరము వచ్చును, గుణకారమును వచ్చును.